కొత్త కర్ణాటక సంగీత రికార్డింగుల్లో వినదగ్గవి పట్టుకోవడం ఎలా: చెన్నై తెలుగువాళ్లకో మార్గదర్శి

క్యాసెట్ల కాలంలో ఎంపిక సులువు. మైలాపూరులోనో టీనగర్‌లోనో కొట్టుకి వెళ్తే పది కొత్త క్యాసెట్లు ఉండేవి, రెండు కొనుక్కుని ఆ ఏడాదంతా అవే వినేవాళ్లం. ఇప్పుడు మార్గళి సీజన్ (డిసెంబరు, జనవరిల్లో చెన్నైలో జరిగే కచేరీల కాలం) ముగిసేసరికి కచేరీల ఆడియోలు, వీడియోలు కుప్పలుగా ఆన్‌లైన్‌లోకి వచ్చి పడుతున్నాయి. స్టూడియో ఆల్బమ్‌లు, సింగిల్స్, ఇంట్లో ఫోన్‌తో తీసినవి వీటికి అదనం. ఏది వినాలో యాప్‌నే నిర్ణయించనిస్తే అది మనకి తెలిసిన నాలుగు పేర్లనే తిప్పితిప్పి వినిపిస్తుంది.

నా సలహా ఒక్కటే. గాయకుడి పేరుతో మొదలుపెట్టకండి, కీర్తనతో మొదలుపెట్టండి. మీకు బాగా తెలిసిన కీర్తనను కొత్తగా ఎవరెవరు పాడారో వెతుక్కుంటూ వెళ్తే వినదగ్గ రికార్డింగులు వాటంతటవే తేలతాయి. ఈ దారిలో తెలుగువాడికి ఒక వెసులుబాటు ఉంది. త్యాగరాజు దాదాపు అంతా తెలుగులోనే రాశాడు. శ్యామశాస్త్రి కృతులు, క్షేత్రయ్య పదాలు, వర్ణాల్లో సింహభాగం మన భాషవే. యాభై ఏళ్లుగా మ్యూజిక్ అకాడమీలో ముందు వరుసలో కూర్చునే మైలాపూరు మామికి తాళం మనకంటే బాగా తెలియవచ్చు, సాహిత్యం మాత్రం మనకే ముందు అందుతుంది.

మొదటి మెట్టు: మూడు కీర్తనలు ఎంచుకోవడం

మూడు చాలు. ఒకటి చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నది, ఒకటి విస్తారంగా పాడే పెద్ద కృతి, ఒకటి నిదానంగా నడిచేది. ఉదాహరణకి ఆభేరిలో ‘నగుమోము గనలేని’, కల్యాణిలో ‘నిధి చాల సుఖమా’, ఇక మూడోది కాంభోజిలో ‘ఓ రంగశాయీ’ కావచ్చు, శ్యామశాస్త్రి భైరవి స్వరజతి ‘కామాక్షీ అనుదినము’ కావచ్చు.

ఎంచుకున్నాక ముందు సాహిత్యం చదవండి. పాట పెట్టొద్దు, కాగితం మీదో ఫోన్‌లోనో తెలుగు లిపిలో ఉన్న పాఠాన్ని మామూలు మాటల్లా చదవండి. ‘నగుమోము’ అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) దాటాక త్యాగరాజు గరుత్మంతుడి మీద అనుమానపడతాడు. ‘ఖగరాజు నీ యానతి విని వేగ చనలేడో’ అంటాడు. నువ్వు చెప్పినా ఆ పక్షిరాజు త్వరగా రాలేకపోయాడా, లేక ‘గగనానికిలకు బహు దూరంబనినాడో’, ఆకాశానికీ భూమికీ చాలా దూరం అన్నాడా అని. భక్తుడి నిష్ఠూరంలో కొంచెం వెటకారం కూడా ఉంది. ఈ సంగతి తెలిసి వింటే, గాయకుడు ఆ రెండు వాక్యాలనూ ప్రశ్నల్లా పాడుతున్నాడా, ఉత్త స్వరాల వరసలా దొర్లించేస్తున్నాడా అన్నది వెంటనే తెలుస్తుంది. ‘చనలేడో’ అన్నది ‘చనలేదో’ అయిపోయే రికార్డింగులూ తగులుతాయి. అక్కడ గరుత్మంతుడు కాస్తా మాయమైపోతాడు.

దీన్ని తమిళుల మీద ఫిర్యాదుగా తీసుకోకండి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఉన్నది ఒకే అక్షరం. అందుకే అక్కడి కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు అచ్చేస్తారు, ఏది పలకాలో గుర్తుగా. భాష తమది కాకపోయినా అంత జాగ్రత్తగా నేర్చుకుని పాడేవాళ్లు చెన్నైలో చాలామంది ఉన్నారు. తెలుగు ఇంట్లో పుట్టి మాట మింగేసేవాళ్లూ ఉన్నారు. పేరు చూసి తీర్పు చెప్పేయకండి.

రెండో మెట్టు: పాతది ఒకటి చెవిలో నిలుపుకోవడం

కొత్త రికార్డింగు బాగుందో లేదో చెప్పాలంటే కొలతబద్ద ఉండాలి. మీ మూడు కీర్తనలకూ ఒక్కో పాత రికార్డింగు పట్టుకోండి. ‘నగుమోము’కి ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గ్రామఫోన్ రికార్డు ఒకప్పుడు ఇంటింటా మోగింది. తెలుగువాళ్ల చెవుల్లో మాత్రం బాలమురళీకృష్ణదే ఉంటుంది. ‘ఓ రంగశాయీ’ అంటే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి. క్షేత్రయ్య పదాల్లాంటివి వినాలనుకుంటే బృంద, ముక్త అక్కాచెల్లెళ్లవి వెతకండి. మద్రాసులో వాళ్ల అమ్మమ్మ వీణ ధనమ్మాళ్ ఇంట్లో తరాలుగా కాపాడుకుంటూ వచ్చిన తెలుగు పదాలు ఎలా ఉంటాయో వాళ్ల గొంతులో వినవచ్చు. వాయిద్యమైతే ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్, ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల వీణ ఉన్నాయి.

పాతవి వినేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గ్రామఫోన్ రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. అందుకే అంతటి ముసిరి కూడా పరుగు మీద పాడినట్టు అనిపిస్తుంది. అది పాటకుడి వేగం కాదు, పళ్లెం వెడల్పు. రెండోది, పాత టేపుల్ని కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు వేగం తేడా వస్తే శ్రుతి మారిపోతుంది. మగగొంతు శ్రుతి, అంటే ఆధార స్వరం, మామూలుగా ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంటుంది. అంతకంటే బాగా పైన, సన్నగా వినిపిస్తే టేపు వేగం మీద అనుమానపడండి.

ఇక్కడే పాఠాంతరాల గొడవ కూడా వస్తుంది. ‘నగుమోము’ను ఇప్పుడు చతుశ్రుతి ధైవతంతో, అంటే పై స్థాయి ‘ద’ స్వరంతో, పాడుతున్నారు. దానికంటే కింది స్థాయి శుద్ధ ధైవతంతో పాడే పాత పద్ధతి కూడా ఉంది. కొత్త రికార్డింగులో ఎవరైనా ఆ పాత ఆభేరి వినిపిస్తే ‘తప్పు పాడారు’ అని తీసేయకండి, ఇంకోసారి వినండి. అన్నమయ్య దగ్గర ఇది మరీ ఎక్కువ. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి కానీ స్వరాలు లేవు. మనం వినే బాణీలు చాలావరకు గత నూరేళ్లలో కట్టినవే. రేవతిలో ‘నానాటి బతుకు నాటకము’ నేదునూరి కృష్ణమూర్తి కట్టిన బాణీ. ఇంకొకరు ఇంకో రాగంలో పాడితే అది అపచారమేమీ కాదు.

చెన్నైలో ఉన్నవాళ్లు పాతవాటి కోసం మ్యూజిక్ అకాడమీని మరిచిపోకూడదు. 1928లో మొదలైన ఆ సంస్థలో ట్యాగ్ పేరిట డిజిటల్ లిజనింగ్ ఆర్కైవ్ ఉంది. తెర మీద పేరు నొక్కి అక్కడే కూర్చుని వినవచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి, సీజన్ రోజుల్లో మాత్రం ఆ పని పెట్టుకోకండి.

మూడో మెట్టు: కొత్తవి వచ్చే చోట్లు

ఒకప్పుడు సరస్వతి స్టోర్స్, హెచ్ఎమ్‌వీ, ఆ తర్వాత చార్సూర్ లాంటి కంపెనీల పేరు చూసి కొనేవాళ్లం. ఇప్పుడు సీడీ అరుదు. అయినా మైలాపూరు గిరి ట్రేడింగ్‌లో ఓ చూపు వేయవచ్చు. అసలు సరుకంతా ఆన్‌లైన్‌లోనే ఉంది, నాలుగు రూపాల్లో.

మొదటిది సభలు (కచేరీలు ఏర్పాటుచేసే సంస్థలు), చానెళ్లు పెట్టే పూర్తి కచేరీలు. 2020లో కరోనా వల్ల హాళ్లు మూతపడినప్పుడు చెన్నై సభలు కలిసి ‘యువర్స్ ట్రూలీ మార్గళి’ పేరుతో సీజన్‌ను ఆన్‌లైన్‌లో నడిపాయి. అప్పటి నుంచి కెమెరా ముందు పాడటం కళాకారులకీ, ఇంట్లో కూర్చుని వినడం మనకీ అలవాటైపోయింది. పరివాదిని లాంటి చానెళ్లలో పెద్ద సభల్లో సాయంత్రం కచేరీ దొరకని మంచి విద్వాంసులు వినిపిస్తారు. రెండోది ప్రత్యేకంగా రికార్డింగు కోసమే చేసిన కచేరీలు. చెన్నైలో మద్‌రసన బృందం స్పీకర్ల హోరు లేకుండా, కొద్దిమంది శ్రోతల ముందు సహజమైన ధ్వనితో రికార్డు చేసినవి వినండి. తంబుర ఇంత స్పష్టంగా ఉంటుందా అనిపిస్తుంది. మూడోది కళాకారుల సొంత చానెళ్లు. సంజయ్ సుబ్రహ్మణ్యన్ లాంటివాళ్లు కంపెనీ కోసం ఎదురుచూడకుండా తామే విడుదల చేసుకుంటున్నారు.

నాలుగోది ఆకాశవాణి. దీన్ని చాలామంది పాతకాలపు వ్యవహారం అని పక్కన పెట్టేస్తారు. నా లెక్కలో ఇదే మొదట ఉండాలి. 2016 జనవరి 26న మొదలైన ‘రాగం’ చానెల్ ఇరవైనాలుగు గంటలూ శాస్త్రీయ సంగీతమే వేస్తుంది, ఆకాశవాణి ఫోన్ యాప్‌లో దొరుకుతుంది. స్టూడియోలో పాడించినవి కాబట్టి గొంతు, వయొలిన్, మృదంగం పాళ్లు చక్కగా కుదురుతాయి. పైగా రాగం, తాళం, రచయిత, పక్కవాద్యం వాయించినవాళ్లు అన్నీ చదివి చెబుతారు. ఏ యాప్ చేస్తోంది ఆ పని?

నాలుగో మెట్టు: వెతికే విద్య

అన్నిటికంటే ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. త్యాగరాజు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు టీ పక్కన వై పెట్టి రాస్తారు, ఇంకొకరు టీ తర్వాత హెచ్ చేరుస్తారు. తమిళ పద్ధతిలో త అంటే టీహెచ్, మన పద్ధతిలో ఉత్త టీ కూడా చాలు. తోడి, రీతిగౌళ, ఆనందభైరవి అన్నిటికీ ఇదే తంటా. కాంభోజిలో ‘భ’కి హెచ్ ఉండవచ్చు, ఊడవచ్చు. కాబట్టి ఒక్కో కీర్తనకూ కనీసం ఇలా వెతకండి: పల్లవిలో మొదటి మాట ఒక్కటే, తర్వాత దానికి రాగం పేరు కలిపి, తర్వాత హెచ్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి. తెలుగు లిపిలోనూ తమిళ లిపిలోనూ కూడా ప్రయత్నించండి. తమిళం చదవడం వస్తే మంచిదే, రాకపోతే పక్కింటి పిల్లల్ని టైపు చేసి పెట్టమనండి. ఫలితాలను విడుదల తేదీ వారీగా పేర్చే ఏర్పాటు ఉంటే వాడండి. లేకపోతే పేరు పక్కన సంవత్సరం చేర్చి వెతకండి.

దొరికిన ప్రతిదీ కొత్తది కాదు. 2003లో కన్నుమూసిన సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ ఆల్బమ్ మీద పదేళ్ల కిందటి తేదీ కనిపించిందంటే అది పాత టేపుని మళ్లీ ఎక్కించిన తేదీ. బతికున్న కళాకారుల విషయంలో ఇది అంత సులభంగా పట్టుబడదు. ఇరవై ఏళ్ల కిందటి క్యాసెట్‌కి కొత్త అట్ట వేసి, నాలుగు ఆల్బమ్‌లలోంచి ఒక్కో పాట తీసి ‘మణిహారం’ అని పేరు పెట్టేస్తారు. అందుకని పక్కవాద్యాల పేర్లు చూడండి, గొంతు వయసు వినండి. పాట నిడివి మరో ఆధారం. క్యాసెట్ ఒక వైపుకి సరిపోయేలా కుదించిన కృతి ఏడెనిమిది నిమిషాల్లో ఉంటుంది. ఇప్పటి కచేరీలో ప్రధాన కృతి తని ఆవర్తనంతో (మృదంగం వంటి తాళవాద్యాలు విడిగా వాయించే భాగం) కలిపి ముప్పావుగంట కూడా నడవవచ్చు.

పక్కవాద్యాల పేర్లే రాయని రికార్డింగును నేను చివరికి నెడతాను. వయొలిన్, మృదంగం ఎవరో చెప్పడానికి బద్ధకించినవాళ్లు మిగతా విషయాల్లో శ్రద్ధ చూపించి ఉంటారని అనుకోను.

వంశవృక్షం పట్టుకుని వెతకడం ఇంకో మంచి దారి. శ్రీపాద పినాకపాణి దగ్గర నేదునూరి నేర్చుకున్నారు. మల్లాది సోదరులు తండ్రి సూరిబాబు దగ్గర మొదలుపెట్టి పినాకపాణి, నేదునూరిల దగ్గరా నేర్చుకున్నారు. ఒకే కీర్తన ఈ మూడు తరాల్లో దొరికితే వరసగా వినండి. అలాగే సెమ్మంగుడి శిష్యుడు పి.ఎస్. నారాయణస్వామి, ఆయన దగ్గర నేర్చుకున్న రంజని, గాయత్రి, అభిషేక్ రఘురామ్. లాల్గుడి జయరామన్ దగ్గర నుంచి బాంబే జయశ్రీ. బృంద దగ్గర నుంచి అరుణా సాయిరామ్. ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎంత వేరుగా పాడతారో విన్నాక, కొత్త పేరు కనబడితే ‘ఈయన ఎవరి శిష్యుడు?’ అని మీరే అడగడం మొదలుపెడతారు.

ఐదో మెట్టు: దేని మీద వినాలి

ఖరీదైన సరంజామా అక్కర్లేదు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు. తంబుర మంద్రం, మృదంగం ఎడమవైపు గుమ్మని మోత దానిలో వినిపించవు. అవి లేకపోతే సగం కచేరీ పోయినట్టే. మామూలు వైరు హెడ్‌ఫోన్ చాలు. యాప్‌లో నాణ్యత ఎంపికను గరిష్ఠానికి పెట్టండి.

ఆరో మెట్టు: మూడుసార్లు వినడం

మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా సాహిత్యం మాత్రమే వినండి. మాటలు ఎక్కడ విరుస్తున్నారో గమనించండి. ముఖ్యంగా నెరవు దగ్గర, అంటే ఒకే వాక్యాన్ని పట్టుకుని రకరకాలుగా పాడే చోట. ‘నిధి చాల సుఖమా’లో ‘మమతా బంధనయుత నరస్తుతి సుఖమా’ అన్న వాక్యం పట్టుకుని నెరవు చేయడం ఆనవాయితీ. గాయకుడు ‘మమతా’ను ఎంత దూరమైనా సాగదీయవచ్చు, కానీ తిరిగి ‘సుఖమా’ మీదకి వచ్చేసరికి అది ప్రశ్నగా వినబడాలి. మనుషుల్ని పొగడటం సుఖమా అని అడుగుతున్నవాడి గొంతు అది. ‘ఓ రంగశాయీ’లో ‘భూలోక వైకుంఠమిదియని’ దగ్గర కూడా ఇంతే, శ్రీరంగం కళ్లముందు నిలబడాలి. వేగం పెరిగేకొద్దీ మాట ముక్కలైపోయి ‘కుంఠమిది, కుంఠమిది’ అని మిగిలితే ఆ రికార్డింగు నా జాబితాలో నిలవదు, గొంతు ఎంత బాగున్నా సరే.

రెండోసారి రాగం, తాళం. ఆదితాళమైతే చేత్తో ఎనిమిది లెక్క వేస్తూ వినండి. ఆలాపనలో మొదటి రెండు మూడు పట్లలోనే రాగం పేరు తెలిసిపోవాలన్నది పాత శ్రోతల పట్టింపు. నాకు దాని మీద అంత పట్టుదల లేదు కానీ, ఆలాపన ఒక క్రమంలో పైకి వెళ్తోందా, లేక తెలిసిన మెరుపులన్నీ ముందే ఒలకబోసి తర్వాత ఖాళీ అయిపోతోందా అన్నది చూస్తాను. స్టూడియో రికార్డింగుల్లో ఇంకో అనుమానం పెట్టుకోండి. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ సినిమా పాటకి పనికొస్తుందేమో, తోడి గాంధారం లాంటి ఊగే స్వరాన్ని తిన్నగా చదును చేస్తే ప్రాణం పోతుంది. గమకం, అంటే ఆ ఊపు, మొదలూ చివరా నునుపుగా, ఒకేలా వినిపిస్తే అదే కారణం కావచ్చు. అతిగా ఎకో పెట్టినవి కూడా అంతే, ఊపిరి ఎక్కడ తీసుకున్నారో తెలియదు.

మూడోసారి గాయకుణ్ని వదిలేసి పక్కవాద్యాలు వినండి. వయొలిన్ గొంతును అనుసరిస్తూ ఎక్కడ నిశ్శబ్దంగా ఉంటోంది, మృదంగం సాహిత్యానికి చోటిస్తోందా అని. ప్రత్యక్ష ప్రసారంలో వయొలిన్ సన్నగా, గొంతు మరీ ముందుకి వినిపిస్తే వాయించినవాళ్లని తప్పుపట్టకండి. ఆ ఆడియో హాల్లో స్పీకర్ల కోసం కలిపిన మిక్సర్ నుంచి నేరుగా తీసింది అయి ఉండవచ్చు. హాల్లో అది సరిగ్గానే వినిపించి ఉంటుంది. వీణ కచేరీల్లో వాయిద్యానికే అతికించే కాంటాక్ట్ మైకు వల్ల తీగ మీద వేలి రాపిడి పెద్దగా వస్తుంది. వీణలో కొత్తదనం కోరేవాళ్లు జయంతీ కుమరేశ్ ‘మిస్టీరియస్ డ్యుయాలిటీ’ వినండి. ఒక్కరే వీణ మీద అనేక వరసలు వాయించి ఒకదానిపై ఒకటి కలిపారు. అది కచేరీ కాదు, రికార్డింగుగా మాత్రమే సాధ్యమయ్యే పని.

ఏడో మెట్టు: ఊరిని పట్టుకుని వినడం

ఇది చెన్నైవాళ్లకే ప్రత్యేకం. త్యాగరాజు ఈ వైపు వచ్చినప్పుడు రెండు చోట్ల అయిదేసి కీర్తనలు చెప్పాడు. పోరూరు దాటితే వచ్చే కోవూరులో సుందరేశ్వరుడి మీద అయిదు: ‘శంభో మహాదేవ’ పంతువరాళి, ‘ఈ వసుధ’ సహాన, ‘కోరి సేవింప’ ఖరహరప్రియ, ‘నమ్మి వచ్చిన’ కల్యాణి, ‘సుందరేశ్వరుని’ శంకరాభరణం. ఉత్తరాన తిరువొత్తియూరులో త్రిపురసుందరి మీద మరో అయిదు: ‘సుందరి నిన్ను వర్ణింప’ ఆరభి, ‘సుందరి నన్నిందరిలో’ బేగడ, ‘సుందరి నీ దివ్య రూపమును’ కల్యాణి, ‘కన్నతల్లి’ సావేరి, ‘దారిని తెలుసుకొంటి’ శుద్ధ సావేరి. శిష్యుడు వీణ కుప్పయ్యర్ ఉన్న ఊరది.

‘ఎందరో మహానుభావులు’ ఉన్న ఘనరాగ పంచరత్నాలకి వందల రికార్డింగులున్నాయి, వాటిలో చాలా బృందగానాలే. ఈ పది కీర్తనలు మాత్రం ఒక్కో గాయకుడూ ఏకాంతంగా, తీరిగ్గా పాడినవి దొరుకుతాయి. యువ కళాకారులు ఇప్పుడు వీటిని సెట్టుగా రికార్డు చేస్తుంటారు. ఒక వారం కోవూరువి, ఒక వారం తిరువొత్తియూరువి విని, ఆదివారం ఆ గుడికే వెళ్లి రండి. తిరువొత్తియూరు అయితే మెట్రోలోనే పోవచ్చు. ‘ఈ వసుధ’ మొదట ఎవరిది వినాలని అడిగితే పేరు చెప్పను కానీ గుర్తు చెబుతాను: సహానలో తొందరపడనివాళ్లది.

ఎనిమిదో మెట్టు: జాబితా, డబ్బు, టికెట్టు

నచ్చినవాటిని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. కీర్తన, రాగం, పాడినవారు, పక్కవాద్యాలు, ఎక్కడ విన్నారు, ఒక్క వాక్యంలో ఎందుకు నచ్చింది. యాప్‌లో ప్లేలిస్టు ఒక్కటే నమ్ముకుంటే, హక్కుల గొడవల్లో పాట తీసేసిన రోజున పేరు కూడా గుర్తుండదు.

ఒక్క పాట వినిపిస్తే కళాకారుడికి యాప్ నుంచి ముట్టేది పైసల్లోనే. ఎవరిదైనా నాలుగైదుసార్లు మళ్లీ విన్నారంటే వాళ్ల సొంత చానెల్‌కి సభ్యత్వం ఉందేమో చూడండి, ఆల్బమ్ అమ్మకానికి పెట్టి ఉంటే కొనండి. సీజన్‌కి ముందు సభల షెడ్యూళ్లు పత్రికల్లో, వెబ్‌సైట్లలో వస్తాయి. అవి రాగానే మీ నోట్‌బుక్‌లో ఉన్న పేర్లకి గీత గీసుకోండి. పెద్ద పేర్ల సాయంత్రం కచేరీలకి టికెట్లు త్వరగా అయిపోతాయి. యువ కళాకారులవి చాలా సభల్లో మధ్యాహ్నం పూట, ఉచితంగానే ఉంటాయి. ఒంటిగంట ఎండలో లజ్ కార్నర్ దగ్గర ఆటో దొరక్క ఇబ్బంది పడేకంటే, కాస్త ముందుగా వెళ్లి సభ క్యాంటీన్‌లో భోంచేసి, హాల్లో ఏసీ గాలి నేరుగా తగలని చోటు చూసుకుని కూర్చోండి.